చేతిఫోనులో గేజి మార్పు

పండుగ దగ్గర పడగానే మన ఇండ్లలో ఒక చర్చ తప్పక బయలుదేరుచున్నది. పాత ఫోను నెమ్మదించినది, బ్యాటరీ మధ్యాహ్నమునకే అయిపోవుచున్నది, క్రొత్తది కొనక తప్పదు. అయితే ఆండ్రాయిడు కొందమా, ఐఫోను కొందమా? కుమారుడు ఒకటి చెప్పును, అల్లుడు మరొకటి చెప్పును, అంగడివాడు తనకు లాభము ఎక్కువ వచ్చునది ముందు పెట్టును. ధరను గూర్చి, కెమెరాను గూర్చి అందరును మాటలాడుదురు గాని, ఈ రెండే ఎందుకు మిగిలినవి, తక్కినవి ఏమైపోయినవి అని అడుగువారు తక్కువ. ఆ కథ తెలిసినచో కొనవలసినది ఏదో కొంత తేటపడునని మాకు తోచినది. సంచికకు చరిత్ర వ్యాసము ఒకటి కావలెనని సంపాదకులు అడిగిరి. రాజుల కథలు వ్రాయుటకు మాకంటె పెద్దలు సంఘములో ఉన్నారు గనుక, మేము ఈ ముప్పది ఏండ్ల చిన్న చరిత్రనే ఎత్తుకొంటిమి.

మేము రైల్వేలో గుమాస్తా పని చేయువారము. మాకు ఏ సంగతియైనను చివరకు పట్టాల మీదికే వచ్చును. ఈ హుబ్బళ్ళిలో స్థిరపడిన మన వారిలో పలువురి తాతలు రైలు వెంట వచ్చినవారే గనుక, గేజి అనగా ఏమో ఇక్కడ ఎవరికిని వేరుగా చెప్పనక్కరలేదు. డల్హౌసీ ప్రభువు కాలములో మన దేశమునకు ఐదడుగుల ఆరంగుళముల పెద్ద గేజి నిర్ణయమైనది. 1870లో, మేయో ప్రభువు నాట, ఖర్చు తగ్గించుటకై మీటరు గేజి వచ్చినది. దేని మీద బండి దాని మీద చక్కగా నడచినది. చిక్కు వచ్చినది గుంతకల్లు వంటి జంక్షనులో. మద్రాసు నుండి బొంబాయి పోవు దారి పెద్ద గేజి. బెజవాడ నుండి హుబ్బళ్ళి మీదుగా మార్మగోవా పోవు దారి మీటరు గేజి. ఒక బండిలోని సరకంతయు దింపి మరొక బండిలోనికి ఎక్కింపవలెను. బస్తాలు చిరుగుచుండెను, బుట్టలు మారిపోవుచుండెను, లెక్కకు ఒకటి రెండు తగ్గుచుండెను. మేము దీనిని చూచినవారము కాము. ఆఫీసులో పెద్దల నోట విన్నవారము. 1992లో ఏకగేజి పథకము మొదలై, ఆ దశకములోనే మన దారి పెద్ద గేజి అయినది.

ఫోనును లోపల నుండి నడిపించు ఆపరేటింగ్ సిస్టం కూడ ఇట్టి గేజియే. ఒక గేజి కొరకు చేసిన యాపు మరొక గేజి మీద నడవదు. ఫోను మార్చుట బండి మారుటయైతే, గేజి మార్చుట గుంతకల్లులో దిగి మూటలన్నియు మోసికొని పోవుటయే.

ఈ గేజిలు మొదట రెండు కావు, పదికి తక్కువ లేవు. 1994లో అమెరికాలో ఐ.బి.యం. వారు సైమన్ అను ఫోనును అమ్మిరి. అద్దము మీద తాకి పని చేయించు ఫోనులలో అది ఆదిపురుషుడు. 1996లో ఫిన్లాండు దేశపు నోకియా వారు కమ్యూనికేటరు అను, పెట్టెవలె తెరచుకొను ఫోనును తెచ్చిరి. 1998లో సైయన్, నోకియా, ఎరిక్సన్, మోటరోలా కంపెనీలు కలిసి లండనులో సింబియన్ అను సంస్థను స్థాపించినవి. ఒకే గేజి మీద అందరి బండ్లును నడవవలెనని వారి తలంపు. తలంపు మంచిదే. కెనడా దేశములో బ్లాక్‌బెర్రీ వారు ఉత్తరములు చేతిలోనికే వచ్చునట్లు చేసి, ఆఫీసర్ల నడుములకు ఆ ఫోనును వ్రేలాడదీసిరి. మైక్రోసాఫ్టు వారిది ఒక గేజి, పామ్ వారిది మరొకటి.

మన దేశములో ఆ రోజులు నోకియావే. 2003లో వచ్చిన 1100 అను బటను ఫోను, టార్చి లైటుతో సహా, ప్రపంచములో ఇరువదియైదు కోట్లకు పైగా అమ్ముడు పోయినది. మేము బడిలో చదువుకొను దినములలో ఫోను అనగా అదియే. మీటలు అరిగిపోయినను పని మానలేదు. 2006లో మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరులో నోకియా వారి కర్మాగారము పని మొదలుపెట్టినది. వేలాది యువతీయువకులకు అది అన్నము పెట్టినది. ఇది చిరకాలముండునని ఎవరు అనుకొనలేదు?

2007 జనవరి 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ ఐఫోనును చూపెను. మీటలు లేవు, అంతయు అద్దమే. దానిని చూచి నవ్విన పెద్ద కంపెనీలు కొన్ని ఉన్నవి. అసలు మలుపు మాత్రము ఆ అద్దము కాదనియే మా అభిప్రాయము. 2008 జూలైలో ఆపిల్ వారు యాప్ స్టోరు తెరచిరి. తెరచిన దినమున అందులో ఐదువందల యాపులు ఉండెను. అంతకు ముందు ఫోను అనగా కంపెనీ చేసి యిచ్చిన వస్తువు. అప్పటి నుండి ఫోను అనగా ఒక సంత. సంతలో అంగళ్లు ఎక్కువైన చోటికి జనము పోవును, జనము ఎక్కువైన చోటికి అంగళ్లు వచ్చును.

ఆండ్రాయిడు కథ వేరు. 2003లో కాలిఫోర్నియాలో ఆండీ రూబిన్ మొదలగువారు చిన్న సంస్థగా మొదలుపెట్టిరి. 2005లో గూగుల్ వారు దానిని కొనిరి. 2007 నవంబరులో ముప్పదినాలుగు సంస్థలతో ఒక కూటమి కట్టిరి. ఏ కంపెనీయైనను ఈ గేజిని తీసికొని తన బండి నడుపుకొనవచ్చునని చాటిరి. మొదటి ఆండ్రాయిడు ఫోను 2008లో అమెరికాలో అమ్మకమునకు వచ్చినది. ఆ యేడే ఆగస్టు 22న మన దేశమునకు ఐఫోను వచ్చినది. ధర ముప్పదియొక్క వేయి రూపాయలు. ఆనాటి గుమాస్తా జీతముతో సరిపోల్చి చూచిన, అది పెండ్లికి పెట్టు వస్తువే గాని జేబులో పెట్టు వస్తువు కాదు. ఆండ్రాయిడు అట్లు కాదు. అందరికిని ఇచ్చిన గేజి గనుక మైక్రోమాక్స్, కార్బన్, లావా వంటి మన దేశపు పేర్లును అందులో చేరినవి. 2014 సెప్టెంబరులో ఆండ్రాయిడ్ వన్ అను పేరుతో ఆరువేల నాలుగువందల రూపాయలకు ఒక్క రూపాయి తక్కువగా ఫోనులు వచ్చినవి. 2015లో మన ఆంధ్ర దేశపు పొలిమేరయైన శ్రీసిటీలో షావోమీ వారి ఫోనులు తయారగుట మొదలైనది. నేడు మన దేశములో పది స్మార్ట్‌ఫోనులు లెక్కించిన తొమ్మిదికి పైగా ఆండ్రాయిడే అగుట దీని ఫలమే.

నోకియా ఏమైనది? 2011 ఫిబ్రవరిలో దాని అధిపతి స్టీఫెన్ ఎలాప్ తన ఉద్యోగులకు ఒక లేఖ వ్రాసెను. మనము మండుచున్న ప్లాట్‌ఫారము మీద నిలిచియున్నాము, దూకక తప్పదు అని దాని సారాంశము. (ఆయన అనినది సముద్రములోని చమురు బావి వేదికను గూర్చి. మా వంటి రైలు వారికి ఆ మాట విన్న వెంటనే వేరొక చిత్రము కన్నులకు కట్టును.) ఆ నెలలోనే సింబియన్‌ను విడిచి మైక్రోసాఫ్టు వారి విండోస్ ఫోనును పట్టుకొందుమని ప్రకటించిరి. అది చెడ్డ గేజి కాదు. వాడినవారు ఇప్పటికిని దాని నునుపును తలచుకొందురు. కాని సంతలో అంగళ్లు లేవు. యూట్యూబు యాపు విషయమున 2013లో గూగుల్ వారికిని మైక్రోసాఫ్టు వారికిని తగవు పడి, ఆ యాపే నిలిచిపోయినది. పట్టాలు ఎంత నున్నగా వేసినను, సరకు రాని దారిని ఏ రైల్వే ఎన్నాళ్లు నడుపును?

ఇక్కడ మన తెలుగువారొకరు కథలోనికి వత్తురు. నోకియా ఫోనుల వ్యాపారమును మైక్రోసాఫ్టు కొనుటకు 2013 సెప్టెంబరులో ఒప్పందమైనది. వ్యవహారము 2014 ఏప్రిలులో ముగిసినది. ఈ నడుమ 2014 ఫిబ్రవరి 4న హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల గారు ఆ సంస్థకు అధిపతి అయిరి. ఆ కొనుగోలును గూర్చి అంతకు ముందు లోపల అభిప్రాయములు అడిగినప్పుడు తాము వద్దన్నామని 2017లో వెలువడిన తమ పుస్తకములో వారు వ్రాసికొనిరి. 2015 జూలైలో ఏడువందల అరువది కోట్ల డాలర్లను నష్టము క్రింద వ్రాసివేసి, వేలమంది ఉద్యోగములను తొలగించు పని వారి చేతి మీదనే జరిగినది. శ్రీపెరుంబుదూరు కర్మాగారము పన్నుల తగవులో చిక్కి మైక్రోసాఫ్టునకు పోక మిగిలిపోయి, 2014 నవంబరు 1 నుండి మూతపడినది. ఫిన్లాండులో ఎవరో దూకిన దానికి తమిళనాడులోని కూలి యింటిలో పొయ్యి ఆరినది.

తక్కినవి త్వరగా చెప్పుదుము. 2014లో ఫైర్‌ఫాక్స్ గేజి మీద రెండువేల రూపాయలలోపు ఫోను మన దేశములో అమ్మిరి. రెండేండ్లలో అది ఆగినది. దాని వేరు నుండి మొలిచిన కై ఓయస్ మీద 2017లో జియోఫోను వచ్చి, మన పల్లెలలో చాల కాలము తిరిగినది. చైనా వారి హువావే 2019లో అమెరికా ప్రభుత్వపు ఆంక్షల వలన గూగుల్ సేవలను పోగొట్టుకొని తన గేజిని తానే వేసికొనినది. విండోస్ ఫోనునకు 2020 జనవరి 14తో మరమ్మతులు ఆగినవి. బ్లాక్‌బెర్రీ వారి పాత ఫోనులకు 2022 జనవరి 4తో సేవలు నిలిచినవి.

పట్టా పీకుటకు ముందే బండ్లు రాకపోవుట మొదలగునని మనము గమనింపవలెను. వాట్సాప్ వారు పాత నోకియాలను 2017 జూన్ నెలాఖరున, బ్లాక్‌బెర్రీని ఆ సంవత్సరాంతమున, విండోస్ ఫోనును 2019 సంవత్సరాంతమున విడిచిరి. ఫోను చెడలేదు, పగులలేదు. మాట మాత్రము ఆగినది. మా వీథిలో రిటైరైన గార్డు గారొకరు ఉన్నారు. ఆగిపోయిన గేజిలలో ఒకదాని ఫోను వారిది; ఏదియో చెప్పనక్కరలేదు. గతించిన భార్య పంపిన మాటలు, అనగా గొంతుతో చెప్పి పంపినవి, అందులో ఉన్నవి. "మందు వేసికొంటిరా, బండి ఎన్ని గంటలకు" వంటి మాటలే, గొప్పవేమియు కావు. ఆ యాపు తెరచుట మానినప్పుడు అంగడివారు ముగ్గురు చూచి ముగ్గురును పెదవి విరిచిరి. క్రొత్త ఫోను కొనిరి, బాగుగనే పని చేయుచున్నది. పాతది బీరువాలో చీరల మధ్య ఉన్నది. నెలకొకసారి ఛార్జి పెట్టి చూచుచుందురు.

ఇక మన అక్షరముల సంగతి. ప్రవాసమున ఉన్న మనకు ఇది అన్నిటికంటె ముఖ్యమని మా తలంపు. మన పిల్లలకు బడిలో కన్నడము, ఇంగ్లీషు, హిందీ. తెలుగు అక్షరము కంటబడునది ఇంటిలోని పంచాంగము మీద, లేదా అమ్మమ్మ పంపిన సందేశములో. తెలుగు లిపికి యూనికోడులో 1991లోనే స్థానము దొరికినది. అయినను 2010 ప్రాంతమున మన చేతిలోని ఫోనులలో తెలుగు తెరచిన నలుచదరపు డబ్బాలే కనబడుచుండెను. ఒపేరా మినీ అను బ్రౌజరులో లోపలి అమరికల పేజీకి పోయి ఒక మీటను అవునని మార్చిన, అక్షరములు బొమ్మలుగా వచ్చుచుండెను. ఆ చిట్కా తెలిసినవానికి ఆనాడు హాస్టలులో వైద్యునికున్నంత గౌరవము. మేమును కొంత వైద్యము చేసితిమి.

2014 చివర వచ్చిన ఆండ్రాయిడు 5తో ఫోను మొత్తమునే తెలుగులో పెట్టుకొను వీలు కలిగినది. కన్నడము, తమిళము, మరాఠీ కూడ అప్పుడే చేరినవి. ఐఫోనులో తెలుగు కీబోర్డు 2015లో వచ్చినది. కన్నడ, ఒడియా కీబోర్డులకు 2017 వరకు ఆగవలసి వచ్చినది. హుబ్బళ్ళిలోను, బరంపురములోను ఉన్న తెలుగు ఇంటికి రెండు లిపులును కావలెను గదా. ఒకటి అత్తగారికి, ఒకటి పొరుగింటి వారికి. 2016లో భారత ప్రభుత్వము కూడ, ఫోనులలో భారతీయ భాషలు చదువుటకును వ్రాయుటకును వీలుండవలెనని నియమము చేసినది. ఈ ఆలస్యములో జరిగిన నష్టము మాత్రము తిరిగి రాలేదు. తెలుగు రాని ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుట అలవాటై, అది చేతికి పట్టి, నేడు చక్కని కీబోర్డు ఉన్నను మన పిల్లలు అట్లే వ్రాయుచున్నారు.

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగినది. జ్ఞానము అను మాటలోని మొదటి అక్షరము వంటి ఒక కూర్పు సందేశముగా వచ్చిన, ఐఫోనులో ఆ యాపు కూలిపోవుచుండెను. కొన్నిచోట్ల ఫోనే మరల మరల మొదలగుచుండెను. మనము వ్రాయు మామూలు జ్ఞానము కాదు. జకారము, పొల్లు, ఞకారము, వాని తరువాత కంటికి కనబడని విడదీయు గుర్తు ఒకటి, దాని మీద దీర్ఘము. ఇవి ఆ వరుసలో వచ్చినప్పుడు ఫోను వానిని ఎట్లు గీయవలెనో తెలియక తల్లడిల్లినది. అల్లరివారు దీనిని పట్టుకొని ప్రపంచమంతటను పంపిరి. ఫిబ్రవరి 19న ఆపిల్ వారు మరమ్మతు విడుదల చేసిరి. తెలుగు అక్షరము ఐఫోనును పడగొట్టినదని మన వారు కొందరు మీసము మెలివేసిరి. మాకు అందులో గర్వపడునదేమియు కనబడలేదు. నిత్యము లక్షలమంది నడచు దారిలో గుంత ఉండిన మరునాడే తెలియును. మనుష్యులు తక్కువగా నడచు దారిలో ఎవడో పడినప్పుడు గాని తెలియదు. అక్షరములు చక్కగా రావలెనన్న మనము ఆ అక్షరములతో వ్రాయుచుండవలెను.

కొనబోవువారికి ఇప్పుడు రెండు గేజిలే ఉన్నవి. రెంటను తెలుగు వచ్చును, రెంటను టిక్కెట్టు కొనవచ్చును. కాబట్టి ఏది గొప్పది అను వాదములో మేము దిగము. మేము చూచునది, ఆ ఫోనునకు మరమ్మతులు ఎన్నేండ్లు వచ్చును అనునది. 2013లో వచ్చిన ఐఫోను 5 ఎస్‌కు 2023 జనవరిలో కూడ రక్షణ మరమ్మతు ఒకటి వచ్చినది. ఆండ్రాయిడులో 2023 నాటి పిక్సెల్ 8కి, 2024 నాటి గెలాక్సీ ఎస్ 24కు ఏడేండ్లని మాట యిచ్చిరి. చవుక ఫోనులకు ఇంతకంటె చాల తక్కువ. ఇందులో ఒక కిటుకు కలదు. ఆ యేండ్లు ఫోను బజారులోనికి వచ్చిన నాటి నుండి లెక్క, మనము కొనిన నాటి నుండి కాదు. రెండేండ్ల నాటి మోడలును పండుగ తగ్గింపులో కొనినచో, నాలుగేండ్ల మాట రెండేండ్లే అగును. అంగడివాడు ఈ సంగతి తనంత చెప్పడు, అడిగిన చెప్పును.

రెండవది ట్రాన్‌షిప్‌మెంటు. వాట్సాప్ మాటలను ఐఫోను నుండి ఆండ్రాయిడునకు మార్చు వీలు 2021లో కొన్ని ఫోనులకు మొదలైనది. ఆండ్రాయిడు నుండి ఐఫోనునకు 2022లో వచ్చినది. క్రొత్త ఫోనును మొదట తెరచునప్పుడే ఇది చేయుట మేలు. అన్నియు అమర్చుకొని నెల రోజులు వాడిన పిమ్మట చేయబూనిన, మొదటికి వచ్చి అంతయు తుడిచివేయవలసి యుండును. డబ్బిచ్చి కొనిన యాపులు గేజి దాటవు. ఫోటోలు దాటును. అమెరికాలోని పిల్లలు ఫేస్‌టైమ్‌లోనే మాటలాడుదురు గనుక తామును ఐఫోను కొనవలెనని కొందరు పెద్దలు అనుచున్నారు. 2021 నుండి ఆ పిలుపునకు ఒక లింకు పంపిన, ఆండ్రాయిడులో బ్రౌజరు ద్వారా కూడ కలిసి మాటలాడవచ్చును. దీని కొరకే అరువదివేలు పోయనక్కరలేదు.

క్రొత్తది కొనిన దినముననే పాతదానిని ఎక్స్‌ఛేంజి క్రింద ఇచ్చివేయుట మా యింట లేదు. రెండువేలు తగ్గిననుసరే, నెల రోజులు సొరుగులో ఉంచుదుము. మా అమ్మగారి ఫోను మార్చినప్పుడు ఫోటోలు వచ్చినవి, మాటలు వచ్చినవి, అంతయు సరిపోయినదనుకొంటిమి. పదునొకండవ దినమున ఆమె గుంతకల్లులోని పెద్దమ్మకు ఫోను చేయబోగా పేరు లేదు. ఆమె తెలుగులో వ్రాసికొనిన పేర్లలో ఇరువదిమూడు ఫోను లోపలనే నిలువయై, అకౌంటులో చేరక ఉండిపోయినవి. సొరుగులోని పాత ఫోను తీసి, ప్రక్క ప్రక్కన పెట్టి, పెద్దమ్మతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా ఎక్కించితిమి.